మాట అందించడం, క్యూ పిలవడం: నెల్లూరు నాటకంలో డిజిటల్ ప్రాంప్ట్ స్క్రిప్ట్ – ఒక కేస్ స్టడీ

నెల్లూరు కేంద్రంగా పనిచేసే మా ఔత్సాహిక నాటక సమాజం 1992 నాటి సారా వ్యతిరేక ఉద్యమాన్ని ఇతివృత్తంగా తీసుకుని, రెండు గంటలకు కాస్త తక్కువ నిడివి గల సాంఘిక నాటకాన్ని సిద్ధం చేసింది. రంగస్థల నిర్వహణ బాధ్యత నాది. ఈ నాటకానికి ప్రాంప్ట్ స్క్రిప్టును, అంటే సంభాషణలతో పాటు దీపాలు, ధ్వనులు వంటి మార్పులన్నీ నమోదైన నాటకప్రతిని, కాగితం మీద కాకుండా టాబ్లెట్ మీద తయారు చేసి, దానిని చూసే ప్రదర్శనలన్నీ నడిపాము. అందులో ఏది నిలిచిందో, ఏది మార్చుకోవలసి వచ్చిందో, తెలుగు నాటకానికీ మన వేదికలకూ ఈ పద్ధతిలో ఏయే ప్రత్యేక అవసరాలు ఎదురయ్యాయో, ఇదే పని తలపెట్టిన ఇతర సమాజాలకు ఉపయోగపడే విధంగా వివరించడమే ఈ నివేదిక ఉద్దేశం.

నాటక స్వభావం తెలియకపోతే తర్వాత చెప్పే నిర్ణయాలు అర్థం కావు. మన జిల్లాలోని దూబగుంటలో, అక్షరాస్యత తరగతుల్లో చదువు నేర్చుకున్న స్త్రీలు తమ ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. అక్కడ మొదలైన ఉద్యమం జిల్లా అంతటికీ, ఆపైన రాష్ట్రమంతటికీ పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం అమలులోకి రావడానికి కారణమైంది. ఇంత విస్తృతమైన కథను రెండు గంటల్లో చెప్పాలి గనుక మా నాటకంలో రంగాలు చిన్నవి, మార్పులు ఎక్కువ. రాత్రి బడి, సారా కొట్టు, సారా వేలంపాట జరిగే ఆవరణ, అర్ధరాత్రి ఇంటి వాకిలి ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వాటి మధ్య కథను నడిపే బుర్రకథ దళం వేదిక మీదే ఉంటుంది. గుంపు దృశ్యాలలో కనిపించే స్త్రీలలో చాలామందికి వేదిక ఎక్కడం ఇదే మొదటిసారి. దీపాల మార్పులు 64, ధ్వని సంకేతాలు 41. రంగాలంకరణ మార్పులూ ప్రవేశ సంకేతాలూ వీటికి అదనం.

ఇద్దరి పని ఒకరి మీద పడిన చోట

మన నాటకరంగంలో ప్రాంప్టర్ అంటే వేదిక పక్కనున్న వింగ్ చాటున నిలబడి, నటుడికి మాట తప్పినప్పుడు అందించే మనిషి. బ్రిటిష్ నాటకశాలల సంప్రదాయంలో ప్రాంప్ట్ బుక్ అంటే ఇంతకన్నా పెద్ద వ్యవహారం. సంభాషణలతో పాటు నటుల కదలికలు, దీపాలు, ధ్వనులు, తెర, రంగాల మార్పిడి అన్నీ అందులో నమోదై ఉంటాయి. స్టేజి మేనేజర్ ఆ పుస్తకం చూస్తూ ప్రతి మార్పునూ నోటితో పిలుస్తాడు, ఆపరేటర్లు ఆ పిలుపు మీదే పనిచేస్తారు. ఇలా పిలవవలసిన ఒక్కో మార్పును క్యూ అంటారు. స్టేజి మేనేజర్ కూర్చునే బల్ల సాధారణంగా ప్రేక్షకులకు ఎదురుగా నిలబడిన నటుడి ఎడమ చేతి వైపు ఉంటుంది కాబట్టి అక్కడ ఆ వైపును ప్రాంప్ట్ సైడ్ అని పిలుస్తారు. మన ఔత్సాహిక సమాజాలలో మాత్రం మాట అందించేవారే సౌండ్ అబ్బాయికి సైగ చేయాలి, తెర లాగేవారికి కేక వేయాలి, పక్క వింగ్‌లో ఉన్న పాత్రను తోయాలి. పది క్యూలున్న నాటికకు ఈ ఏర్పాటు సరిపోతుంది. వందకు పైగా క్యూలున్న నాటకానికి సరిపోదు.

మా సమాజానికి దశాబ్దాలుగా ప్రాంప్టింగ్ చేస్తున్న మాస్టారు ఒకరున్నారు. టాబ్లెట్ మీద స్క్రిప్టు పెడుతున్నామని చెప్పినప్పుడు ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే.

“ఏం నాయనా, నువ్వు ఆ పలకలో చూసుకుంటా ఉంటే, మాట తప్పినోడి మొకం ఎవురు చూడాల?”

“మాట మీరే అందించండి మాస్టారూ. పలక నా దగ్గరే ఉంటుంది, నేను దీపాలకూ సౌండుకూ మాత్రమే చెప్తాను” అన్నాను.

ఈ పని మొత్తం మీద తీసుకున్న ముఖ్య నిర్ణయం అదే. మాట అందించేవారు నటుడి ముఖాన్నీ ఊపిరినీ గమనించాలి. అతను ఆగింది మరచిపోయి ఆగాడా, భావం కోసం ఆగాడా అన్నది క్షణంలో తేల్చి, అవసరమైతే మొదటి రెండు అక్షరాలే అందించాలి. క్యూ పిలిచేవారు వేదిక మొత్తాన్నీ చూస్తూ, రాబోయే అరపుట సంగతి ఎప్పటికప్పుడు మనసులో పెట్టుకోవాలి. ఒకే మనిషి ఈ రెండింటికీ దిగితే, నటుడు తడబడిన సరిగ్గా ఆ క్షణంలోనే క్యూ కూడా తప్పుతుంది. ఎందుకంటే ఆ క్షణంలో కళ్ళు పుస్తకంలో ఉంటాయి. డిజిటల్ స్క్రిప్టు వల్ల కలిగిన ప్రయోజనాలలో నేను అన్నింటికన్నా పైన పెట్టేది, ఒకే మూలప్రతి నుంచి ఇద్దరికి రెండు వేర్వేరు ప్రతులు తీయగలగడం. మాస్టారికి పెద్ద అక్షరాలలో, క్యూల గొడవ లేని కాగితపు ప్రతి. నాకు క్యూలతో నిండిన తెర. ఆయన కుడి వింగ్‌లో, నేను ఎడమ వింగ్‌లో కూర్చున్నాము.

మాస్టారు తన ప్రతిలో పెన్సిలుతో పెట్టుకున్న గుర్తులు నాకూ ఎంతో అక్కరకు వచ్చాయి. ఏ నటుడు ఎక్కడ కావాలని ఆగుతాడో ఆయన ఒక నిలువు గీతతో, ఎక్కడ తరచూ మరచిపోతాడో చిన్న సున్నతో గుర్తించేవారు. ప్రతి రిహార్సల్ తర్వాత ఆ గుర్తులను మూలప్రతిలోకి ఎక్కించాము. నిలువు గీత ఉన్న చోట నిశ్శబ్దం వస్తే నేను తొందరపడి తర్వాతి క్యూ పిలవను. సున్న ఉన్న చోట వస్తే, వాక్యం దాటిపోయే అవకాశం ఉందని ముందే సిద్ధంగా ఉంటాను.

నాటకప్రతిని తెర మీదకు తేవడం

ఇంగ్లీషు నాటకానికి ఈ దశ ఒక పూట పని. తెలుగుకు అలా కాదు. మా నాటకప్రతి మొదట ఒక డీటీపీ కేంద్రంలో, పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో కంపోజ్ అయింది. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే స్థానం ఉన్నా, అచ్చు పనిలో పాత ఫాంట్ల వాడకం ఇంకా బలంగానే ఉంది. అలాంటి ఫైలు కంటికి తెలుగుగా కనిపిస్తుంది గాని, లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ మాత్రమే. అందులో ఒక మాట వెతకడం కుదరదు, నకలు తీసి మరో చోట అతికిస్తే చదవడానికి వీలుపడదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులూ, కొన్ని గుణింతాలూ దెబ్బతిన్నాయి. వాటిని ఒక్కరే కూర్చుని దిద్దడం కన్నా, మొదటి పఠన రిహార్సల్‌లో నటీనటులందరూ ఆ ప్రతినే పైకి చదువుతూ ఉండగా దిద్దడం మేలని తేలింది, ఎందుకంటే తప్పు పడిన చోట నాలుక తప్పకుండా తడబడుతుంది.

రెండో చిక్కు మాండలికపు రాతలో వచ్చింది. నెల్లూరు రంగస్థలానికి పాత్రోచిత భాష కొత్త కాదు. 1897లో ప్రతాపరుద్రీయం రాసిన వేదం వేంకటరాయ శాస్త్రి గారు ఏ పాత్ర నోట ఆ పాత్రకు తగిన తెలుగే పలికించారు. ఆయన నాటకాలను ఈ ఊరి ఆంధ్ర భాషాభిమాని సమాజం ఆడింది. మా నాటకంలోనూ అధికారుల మాట ఒక తీరు, ఊరి ఆడవాళ్ళ మాట ఒక తీరు. అయితే ‘యాడికి పోతుండావు’ అన్నది ఒక పుటలో ఒక విధంగా, ఇంకో పుటలో ‘యాడికి పోతున్నావు’ అని పడింది. ‘అట్నే’, ‘అట్లనే’, ‘అట్టనే’ మూడూ కనిపించాయి. చదివేవారికి దీనివల్ల ఇబ్బంది లేదు. రిహార్సల్ మధ్యలో దర్శకుడు “ఆ వేలంపాట మాట దగ్గర నుంచి” అన్నప్పుడు వెతికితే మాత్రం దొరకదు. అందుచేత ఏ పాత్రకు ఏ రూపమో ముందుగా ఒక పట్టిక రాసుకుని, ప్రతి అంతటా ఒకే రాత పాటించాము. నటి నోట ఏ రూపం పలికినా మాకు అభ్యంతరం లేదు. రాతలో మాత్రం ఒకటే ఉండాలి.

పీడీఎఫ్‌గా మార్చిన తర్వాత యూనికోడ్ తెలుగులో కూడా వెతుకులాట నమ్మదగినది కాదు. సంయుక్తాక్షరాలు ఉన్న మాటలు చాలాసార్లు దొరకవు. కాబట్టి పీడీఎఫ్‌లో ప్రతి రంగానికీ, రంగం లోపల ప్రతి ప్రవేశానికీ బుక్‌మార్క్ పెట్టి, వాటి మీదే ఆధారపడ్డాము. ఫాంటు నోటో సాన్స్ తెలుగు, సైజు 17. వరుసల మధ్య ఖాళీ ఇంగ్లీషుకు ఇచ్చే దానికన్నా ఎక్కువ ఇవ్వకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడి దీర్ఘాలకు తగిలి, చీకట్లో చదవడం కష్టమవుతుంది.

రిహార్సల్స్ జరుగుతున్నంత కాలం ప్రతి మారుతూనే ఉంటుంది. మార్పులు తగ్గే వరకు వర్డ్ ఫైలులోనే పనిచేశాము. తర్వాత పుటలను స్థిరపరచి పీడీఎఫ్ చేసి, క్యూలు దాని మీద రాశాము. ఈ క్రమాన్ని తిరగేయకూడదు. పీడీఎఫ్ మీద గుర్తు పుటలోని స్థానానికి అతుక్కుంటుంది గాని మాటకు అతుక్కోదు; కింద వచనం జరిగితే గుర్తు పాత చోటనే ఉండిపోయి, వేరే మాట పక్కన నిలుస్తుంది. స్థిరపరచిన తర్వాత కొత్త మాటలు వస్తే 14వ పుట వెనుక 14అ అని అదనపు పుట చేర్చాము, తీసేసిన మాటలను చెరపకుండా అడ్డగీత గీశాము. ప్రతి పుట అడుగున తేదీ, అది ఎన్నో ప్రతి అన్న సంఖ్య ఉండాలని పట్టుబట్టాము. వాట్సాప్ గ్రూపులో ఒకసారి తిరిగిన ఫైలు అందరి ఫోన్లలో ఉండిపోతుంది. అడుగున తేదీ లేకపోతే పాత ప్రతి ఎవరి చేతిలో ఉందో రిహార్సల్‌లో గాని తెలియదు.

క్యూ ఏ మాట మీద పెట్టాలి

ఈ అంశం మీద మేము ఎక్కువ సమయం గడిపాము, గడపవలసిన అవసరం కూడా ఉంది. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది. నటులు ఆశువుగా మార్చేది కూడా ఎక్కువగా ఆ క్రియనే. ఊరి స్త్రీ పాత్రకు ఇలా ఒక వాక్యం ఉంది: “ఇంకొక్క పాకెట్టు ఈ ఊళ్ళో దిగిందంటే ఆ బండిని ఈడ్నే తగలబెడతాం.” ఆ నటి ఒక రోజు ‘తగలబెట్టేస్తాం’ అంటుంది, మరో రోజు ‘తగలేస్తాం’ అంటుంది, ఆవేశం ఎక్కువైన రోజున ‘తగలబెడతాం, ఆఁ, తగలబెడతాం’ అని రెట్టిస్తుంది. వాక్యపు చివరి మాట మీద క్యూ పెడితే మూడు సందర్భాలలో మూడు వేర్వేరు క్షణాలు వస్తాయి. పైగా ఆ మాట విని నేను పిలిచి, ఆపరేటర్ నొక్కేసరికి అర క్షణం ఆలస్యం అవుతుంది. దీపం మారేది వాక్యం తర్వాత వచ్చే నిశ్శబ్దంలో, అనవసరమైన చోట.

అందువల్ల మేము పెట్టుకున్న నియమం ఇది. మాట మీద క్యూ తప్పనిసరి అయితే క్రియ మీద కాక, దానికి ముందు ఉండే స్థిరమైన నామవాచకం మీద పెట్టాలి. పై వాక్యంలో అది ‘బండిని’. ఆ మాట విన్నప్పుడు పిలుపు మొదలుపెడితే, దీపం మారేది క్రియ మీద పడుతుంది. అంతకన్నా మంచి దారి, కదలిక దొరికితే కదలిక మీద పెట్టడం. అదే వాక్యం చివర ఆ నటి చీపురు పైకెత్తుతుంది. మాట ఎలా మారినా చీపురు మాత్రం ఎత్తుతుంది. కాబట్టి చివరకు ఆ క్యూను చేతి కదలిక మీదకు మార్చాము. తెర మీద ఈ తేడా ఒక్క చూపులో తెలియడానికి, చూసి పిలవవలసిన క్యూ పక్కన కన్ను, విని పిలవవలసిన దాని పక్కన చెవి, వాద్యకారుడి సైగ మీద పిలవవలసిన దాని పక్కన చెయ్యి బొమ్మ పెట్టాము. ఒక పుటలో అన్నీ చెవి గుర్తులే కనిపిస్తే దాన్ని మళ్ళీ దర్శకుడితో కలిసి పరిశీలించేవాణ్ణి.

గుర్తు పెట్టే స్థానం విషయంలో స్పష్టత ఉండాలి. గీత తగిలే అక్షరం నేను ‘గో’ అనవలసిన చోటు. ఫలితం కనిపించవలసిన చోటు కాదు. ఈ ఒప్పందం రాతపూర్వకంగా మొదటి పుటలోనే ఉండకపోతే, వేరొకరు అదే స్క్రిప్టు పట్టుకున్నప్పుడు ప్రతి క్యూ కొంచెం ఆలస్యమవుతుంది.

పుట అమరికలో తెరకు ఎడమ వైపు మూడు వంతుల్లో రెండు వంతులు సంభాషణ, మిగిలిన వంతు క్యూల గడి. దీపాలు 1 నుంచి, ధ్వనులు 101 నుంచి, రంగాలంకరణ 201 నుంచి సంఖ్యలు తీసుకున్నాము. సంఖ్య విన్న వెంటనే అది ఎవరిదో తెలియాలి. రిహార్సల్స్‌లో కొత్తగా చేరిన క్యూలకు 23.5 వంటి సంఖ్యలు ఇచ్చాము గాని, ఉన్న సంఖ్యలను ఎన్నడూ మార్చలేదు. సిద్ధం చేసే హెచ్చరిక కనీసం అరపుట ముందు ఉండాలి. హెచ్చరిక ఒక పుటలోనూ, క్యూ తర్వాతి పుట మొదటి వరుసలోనూ పడితే, పుట తిప్పే క్షణమే పిలిచే క్షణం అవుతుంది. అటువంటి చోట్ల పుటను కొన్ని వరుసలు ముందే తెగ్గొట్టి, కింద ఖాళీ వదిలాము. కాగితం పొదుపు గురించి ఆలోచించనవసరం లేని చోట ఈ స్వేచ్ఛను పూర్తిగా వాడుకోవాలి.

చీకట్లో తెర

టాబ్లెట్ వెలుగు ముందు వరుస ప్రేక్షకులకు కనిపించకూడదు, నా కళ్ళు వేదిక చీకటికి అలవాటు తప్పకూడదు. చాలా పీడీఎఫ్ యాప్‌లలో నైట్ మోడ్ ఉంటుంది గాని, అది రంగులన్నింటినీ తలకిందులు చేస్తుంది. పసుపు గుర్తు నీలంగా మారుతుంది, దీపాల క్యూకూ ధ్వని క్యూకూ మనం నిర్ణయించుకున్న రంగుల తేడా తారుమారవుతుంది. దీనికి పరిష్కారంగా ఫైలునే నల్లని నేపథ్యం మీద లేత బూడిద రంగు అక్షరాలతో తయారు చేసి, గుర్తులను ఆ నేపథ్యానికి తగిన రంగులతో గీశాము. వెలుగు తగ్గించడానికి మరో కారణం కూడా ఉంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో ఆరుబయట వేదికల మీద కాస్త వెలుగున్న చోటికల్లా ఉసిళ్ళు చేరతాయి.

సముద్ర తీరపు ఉక్కలో చెమట వేలితో తాకితే తెర కొన్నిసార్లు స్పందించదు, కొన్నిసార్లు రెండు పుటలు తిప్పుతుంది. పుటలు తిప్పడానికి చిన్న బ్లూటూత్ బటన్ వాడిన తర్వాత ఆ చిక్కు పోయింది. తెర తనంతట తాను తిరగకుండా, ఆరిపోకుండా, నోటిఫికేషన్ రాకుండా, ఆ ఒక్క యాప్ తప్ప మరొకటి తెరుచుకోకుండా ముందే బిగించాలి. సిమ్ ఉన్న టాబ్లెట్ అయితే సిమ్ తీసేయాలి. దానంతట అది కదిలే టెలీప్రాంప్టర్ రకం యాప్‌లను మేము ఆదిలోనే పక్కన పెట్టాము. మన నాటకంలో వేగాన్ని నిర్ణయించేది యంత్రం కాదు.

అంతా తెర మీద ఉన్నప్పటికీ చివరి డ్రెస్ రిహార్సల్ తర్వాత గుర్తులతో సహా ఒక ప్రతి అచ్చు తీసి, నీలి కాగితం చుట్టిన చిన్న బల్బు కింద బల్ల మీద పెట్టుకున్నాను. రంగం మారినప్పుడల్లా ఆ పుటలు కూడా తిప్పుతూ ఉండాలి. లేకపోతే అవసరమైన వేళ పుట వెతుక్కోవడానికే సరిపోతుంది.

పిలుపు

ధ్వని క్యూలను నడపడానికి ఉచితంగా దొరికే లినక్స్ షో ప్లేయర్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఒక పాత ల్యాప్‌టాప్ మీద నడిపాము. ఇదే పనికి నాటకశాలల్లో ఎక్కువమంది వాడే క్యూల్యాబ్ మాక్ కంప్యూటర్ల మీద మాత్రమే పనిచేస్తుంది కాబట్టి అది మాకు కుదరలేదు. దీపాలు వేదికను బట్టి మారతాయి. ఒక చోట జ్ఞాపకం ఉంచుకునే కన్సోల్ ఉంటుంది, మరో చోట స్లైడర్లను చేతితో నెట్టాలి. అందుకని దీపాల ఆపరేటర్‌కు ప్రతి క్యూలో ఏ దీపం ఎంత స్థాయిలో, ఎన్ని క్షణాలలో మారాలో తెలిపే విడి కాగితపు జాబితా ఇచ్చాము. అతనికి సంభాషణ ప్రతి ఇవ్వలేదు. సంభాషణ చేతిలో ఉంటే ఎవరైనా తమంతట తాము క్యూ తీసుకోవడానికి ప్రయత్నిస్తారు, అప్పుడు పిలిచేవారు ఇద్దరవుతారు.

మాట్లాడుకోవడానికి ఒక చిన్న రూటర్, దాని మీద ల్యాప్‌టాప్‌లో నడిచే మంబుల్ అనే మాటల సాఫ్ట్‌వేర్ సర్వర్, పాత ఫోన్లు, తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు వాడాము. ఇంటర్నెట్‌తో దీనికి పని లేదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆధారపడకపోవడం, రూటర్‌ను 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద పెట్టడం ముఖ్యం. హాలు నిండా ఫోన్లు ఉన్నప్పుడు 2.4 బ్యాండ్ కిక్కిరిసిపోతుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు మాట ఆలస్యం చేస్తాయి కాబట్టి వాటిని అనుమతించలేదు. సంఖ్యలను ‘టూ త్రీ’, ‘సిక్స్ వన్’ అని విడివిడిగా ఇంగ్లీషులోనే చెప్పాము. డప్పుల మోతలో ‘ఇరవై’, ‘అరవై’ ఒకేలా వినిపిస్తాయి. పిలుపు క్రమం “లైట్ టూ త్రీ, రెడీ” అని, ఆపరేటర్ “రెడీ” అని బదులిచ్చాక, సమయానికి “లైట్ టూ త్రీ, గో” అని. ‘గో’ అన్న మాట ఆ లైన్ మీద మరే సందర్భంలోనూ ఎవరూ అనకూడదు.

గుంపు దృశ్యాలలోని స్త్రీలకు ఇయర్‌ఫోన్లు పెట్టలేము. వారి కోసం రెండు వింగుల్లోనూ ఎరుపు, ఆకుపచ్చ బల్బులు కట్టి స్విచ్చులు నా బల్ల మీద పెట్టాము. ఎరుపు వెలిగితే కొంగు బిగించి వరుసలో నిలబడాలి, ఆకుపచ్చ వెలిగితే అడుగు వేయాలి. ఇది ఎప్పటి నుంచో నాటకశాలల్లో ఉన్న పద్ధతే. మొదటిసారి వేదిక ఎక్కేవారికి ఇంతకు మించిన భరోసా మరొకటి లేదని నేను నమ్ముతున్నాను. వెనుక నుంచి తోసే చెయ్యి లేకుండా, వాళ్ళంతట వాళ్ళు ఒక్కటిగా కదిలి వచ్చినప్పుడు ఆ ప్రవేశానికి వచ్చే బలం వేరుగా ఉంటుంది.

వన్స్ మోర్

నెల్లూరు పురమందిరంలో ప్రదర్శన జరిగినప్పుడు బుర్రకథ పాటకు ప్రేక్షకులు వన్స్ మోర్ అడిగారు. పద్యానికీ పాటకూ వన్స్ మోర్ అడగడం మన ప్రేక్షకుల హక్కు. కాదనే హక్కు రంగస్థల నిర్వాహకుడికి లేదు. పాశ్చాత్య సంగీత నాటకాలకు తయారైన క్యూ పద్ధతిలో ఒకదాని వెంట ఒకటి తమంతట తాము నడిచే క్యూల గొలుసులు సాధారణం, అవి మన పాటకు పనికిరావు. పాట ఉన్న ప్రతి చోటా స్వయంచాలక గొలుసులను తీసేసి, ప్రతి క్యూనూ చేతితోనే నడిపేలా పెట్టాము. స్క్రిప్టులో పాట మొదలయ్యే చోట ఒక అడ్డగీత, ముగిసే చోట మరొకటి గీసి, వాటి మధ్య తిరిగి వెళ్ళవలసి వస్తే ఏ దీపస్థితికి, ఏ ధ్వని సంఖ్యకు వెనక్కి వెళ్ళాలో గడిలో రాశాము. “వెనక్కి, లైట్ ఫోర్ టూ, సౌండ్ వన్ టూ సిక్స్” అని ఒక్క పిలుపు సరిపోయింది. పాట ముగిశాక వచ్చే క్యూకు ముందు చెయ్యి బొమ్మ ఉంది. కథకుడు తంబురా దించే వరకు నేను పిలవను.

కరెంటు పోయినప్పుడు

తీరప్రాంతపు ఊళ్ళో ఆరుబయట ప్రదర్శన జరుగుతుండగా, వేలంపాట దృశ్యం మధ్యలో కరెంటు పోయింది. జనరేటర్ అందుకునే వరకు వేదిక చీకటి. టాబ్లెట్‌కూ ల్యాప్‌టాప్‌కూ బ్యాటరీ ఉంది, రూటర్‌ను ముందే పవర్ బ్యాంకుకు కలిపి ఉంచాము, కాబట్టి మా మాటలు ఆగలేదు. “ఎవరూ ఏదీ తాకవద్దు” అన్నది నా మొదటి పిలుపు. ఆడవాళ్ళు చీకట్లోనే నినాదం అందుకుని దృశ్యాన్ని నిలబెట్టారు. కరెంటు తిరిగి వచ్చే వేళకు వాళ్ళు ఎనిమిది వాక్యాలు ముందుకు వెళ్ళారు, ఆ మధ్యలో రెండు దీపాల మార్పులు జరగవలసి ఉంది. ఇటువంటప్పుడు తర్వాతి క్యూ ఏమిటన్న దాని కన్నా, ఈ వాక్యం దగ్గర వేదిక ఏ స్థితిలో ఉండాలన్నది ముఖ్యం. మామూలు ప్రాంప్ట్ బుక్‌లో మార్పు జరిగే చోటే నమోదై ఉంటుంది గాని, రెండు మార్పుల మధ్య నడుస్తున్న స్థితి నమోదై ఉండదు. మేము ప్రతి పుట నెత్తిన ఒక వరుస కేటాయించి, ఆ పుట మొదలయ్యేటప్పటికి వెలుగుతున్న దీపస్థితి, నడుస్తున్న ధ్వని, తెర ఉన్న తీరు రాసి ఉంచాము. ఆ వరుస చూసి, పుటలో దాటిన క్యూలు కలుపుకుని, నేరుగా 37వ దీపస్థితికి వెళ్ళమని చెప్పగలిగాను. మన జిల్లాల్లో ఆరుబయట నాటకం ఆడే ప్రతి సమాజానికీ ఈ ఒక్క వరుస తప్పనిసరి అని నా అభిప్రాయం. దీనికి టాబ్లెట్ కూడా అక్కరలేదు.

మరొకరి చేతిలో

ప్రాంప్ట్ స్క్రిప్టు బాగుందో లేదో దాన్ని రాసినవారు నడిపితే తేలదు. రాసినవారికి సగం క్యూలు తలలోనే ఉంటాయి. ఒంగోలులో జరిగిన ప్రదర్శనకు నేను హాలు వెనుక కూర్చుని, అక్కడి మిత్ర సమాజానికి చెందిన ఒక యువతి చేత నాటకం పిలిపించాము. ఆమె నాటకాన్ని అంతకు ముందు చూడలేదు. ఫైలును వారం ముందు పంపించి, ఒక సాంకేతిక రిహార్సల్ మాత్రం ఇచ్చాము. కన్ను గుర్తు ఉన్న క్యూలన్నీ సరిగ్గా పడ్డాయి. చెవి గుర్తు ఉన్నవాటిలో కొన్ని తొందరగా పడ్డాయి, ఎందుకంటే ఆ వాక్యాలను ఏ వేగంతో చెబుతారో ప్రతి చెప్పలేదు. చెయ్యి గుర్తు ఉన్న చోట ఒక ఇబ్బంది వచ్చింది. హార్మోనిస్టు ఏ చేత్తో, ఎలా సైగ చేస్తారో గడిలో రాసి లేదు. “చెయ్యి బొమ్మ ఉందన్నా, కానీ ఆయన రెండు చేతులూ పెట్టె మీదే ఉన్నాయి, ఏది చూడాల?” అని ఆమె విరామంలో అడిగింది.

ఆయన తల కుడి పక్కకు వంచి సైగ చేస్తారు. సైగ ఎవరిది, ఏ అవయవంతో, నా బల్ల దగ్గర నుంచి కనిపిస్తుందా లేదా అన్న మూడు వివరాలు ఇప్పుడు చెయ్యి గుర్తు ఉన్న ప్రతి క్యూలో చేర్చాము. చెవి గుర్తు ఉన్న క్యూల కోసం ఆయా వాక్యాలను నటుల గొంతుతోనే రికార్డు చేసి, పుట సంఖ్యతో అదే ఫోల్డర్‌లో పెట్టాము. అదే సమాజం ఇప్పుడు ఈ నాటకాన్ని తమ నటులతో ఆడడానికి సిద్ధమవుతోంది. వారికి ఇచ్చిన ఫోల్డర్‌లో వర్డ్ మూలప్రతి, స్థిరపరచిన పీడీఎఫ్, మాస్టారి గుర్తులున్న ప్రతి, దీపాల జాబితా, ధ్వని ఫైళ్ళు, గుర్తుల అర్థాలు రాసిన మొదటి పుట ఉన్నాయి. మా నటుల గొంతు రికార్డింగులను మాత్రం తీసేసి ఇచ్చాము. వారి నటులు ఆ వాక్యాలను తమ వేగంతో పలికాక, వారే రికార్డు చేసుకుంటారు.